రెండు సున్నాతో ముందున్నాం, మళ్ళీ వాళ్ళ చేతిలోనే ఓడాం

కుడికాలు_ఒక్కటే
ఆదివారం, మధ్యాహ్నం 12:40

స్నానం చేసి తిన్నా చిరాకు తగ్గలేదు, ఇక్కడ కక్కేస్తే కాస్త నయమని రాస్తున్నా. మాది బొల్లారం వైపు ఆదివారం పొద్దున ఆడే టీమ్, కాలేజీ కుర్రాళ్ళ నుంచి నలభై దాటినవాళ్ళ దాకా ఉంటాం. ఈ రోజు ఎవరితోనో చెప్పక్కర్లేదు, రైలుపట్టాల అవతలి వాళ్ళతోనే. వాళ్ళలో ఎవడికి ఎడమకాలు పనిచేయదో, ఎవడు కార్నర్ దగ్గర చొక్కా లాగుతాడో అన్నీ మాకు తెలుసు, మావి వాళ్ళకీ తెలుసు.

సగానికి 35 నిమిషాలు. మొదటి సగం మేం ఆడినట్టు ఈ ఏడాది ఎవరూ ఆడలేదు, గొప్ప కోసం చెప్పట్లేదు. నా క్రాస్‌కి మా పొడుగన్న తల పెట్టాడు, ఒకటి. విరామం ముందు ఫ్రీకిక్, అదీ ఆయనే, గోడ పక్కనుంచి నేల మీద తన్ని రెండు. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అక్కడి నుంచి మూడు రెండుతో ఓడాం.

మొదటిది మా గోలీ బంతి పట్టుకుని ముహూర్తం చూస్తున్నట్టు నిలబడితే రెఫరీ ఏకంగా కార్నర్ ఇచ్చాడు, దాంట్లోంచి. రెండోది మా లెఫ్ట్ బ్యాక్ ఆఫ్‌సైడ్ అని, అంటే వాళ్ళవాడు మా డిఫెండర్లని దాటి ముందే నిలబడ్డాడని, చెయ్యెత్తి నిలబడ్డాడు, వాళ్ళవాడు నింపాదిగా వెళ్ళి కొట్టాడు. మూడోది చివరి నిమిషంలో, అందరం ముందుకెళ్ళి ఉంటే ఒక్క పొడుగు బంతి. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా మైండ్‌సెట్. ముందున్నామనగానే మనవాళ్ళ కాళ్ళు బరువెక్కుతాయి. లీడ్ కాపాడుకోవడం ఎలాగో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉక్కునగరం_10
ఆదివారం, మధ్యాహ్నం 1:05

హహ, సారీ అన్నా నవ్వొచ్చింది, ముహూర్తం మాటకి. మా వైజాగ్‌లోనూ సేమ్. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ గ్రౌండులో చూశాను, రెండు గోల్స్ కొట్టగానే మనోళ్ళు పాస్ ఇవ్వడం మానేసి కాలిమడమతో తన్నడాలు మొదలెడతారు. ఊరికే అన్నారా, రెండు సున్నా అన్నిటికన్నా డేంజర్ స్కోరు అని.

లెక్కల_పిచ్చోడు
ఆదివారం, మధ్యాహ్నం 1:31

ఆ మాట ఎవరు పుట్టించారో గానీ తలాతోకా లేనిది. రెండు సున్నాతో ముందున్న జట్లు అత్యధికంగా గెలుస్తాయి, ఏ పెద్ద లీగ్ తీసుకున్నా అంతే. ఒకటి సున్నా కంటే రెండు సున్నా ఎప్పుడూ మెరుగే, అందులో వాదించడానికి ఏముంది? ఓడినవి గుర్తుంటాయి, గెలిచినవి మర్చిపోతాం. ఇస్తాంబుల్‌లో 2005 ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల కప్పు) ఫైనల్ అందరికీ ఎందుకు గుర్తు? మిలాన్ మూడు సున్నాతో ఉండి లివర్‌పూల్‌కి 54, 56, 60 నిమిషాల్లో మూడూ ఇచ్చేసి, చివరికి పెనాల్టీల్లో కప్పే పోగొట్టుకుంది కాబట్టి. మూడు సున్నాతో మామూలుగా గెలిచిన మ్యాచ్‌లు ఎవరైనా చెప్పుకుంటారా?

నేను అడిగేది వేరే. ఆ ఇస్తాంబుల్ లెక్కే చూడండి, మూడూ ఆరేడు నిమిషాల్లోపే. మీకు ఎన్ని నిమిషాల తేడాలో పడ్డాయి? రెండో సగంలో ఎవరెవరు మారారు? మైండ్‌సెట్ అనే మాట పక్కన పెట్టి అది చెప్పండి ముందు.

గోలీ_గ్లవ్స్
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ముహూర్తం చూసిన గోలీని నేనే. గ్రూపులో తిట్టింది చాలక ఇక్కడ కూడానా.

ఆ బంతి నా చేతిలో ఉన్నప్పుడు సీన్ ఏంటో కుడికాలుగారు రాయలేదు. లెఫ్ట్ బ్యాక్ నాకు వీపు చూపించి నడుస్తున్నాడు. రైట్ బ్యాక్ లేసు కట్టుకుంటున్నాడు. పొడుగన్న అప్పటికే నా పెనాల్టీ బాక్స్ గీత మీద స్టాపర్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, నిలబడి ఉన్నాడు, అంటే ముందు తల పెట్టే మనిషే లేడు, ఎత్తి తంతే బంతి నేరుగా వాళ్ళకే. ఇక ఈ కుడికాలుగారు, ఆయన సెంటర్ లైన్ దగ్గర నడుము మీద చేతులేసుకుని వాళ్ళ లెఫ్ట్ బ్యాక్‌తో కబుర్లు. ఎవరికి విసరాలి నేను? ఒక్కడంటే ఒక్కడు బంతి అడగలేదు.

మొదటి సగంలో నా చేతికి బంతి రాగానే నలుగురు నాలుగు వైపులా పరిగెత్తారు. అది ఎందుకు ఆగిపోయిందో కనుక్కోండి, అప్పుడు నా దగ్గరికి రండి.

విజిల్_మాస్టర్
ఆదివారం, సాయంత్రం 4:22

నేను జిల్లా స్థాయిలో రెఫరీగా చేస్తాను. ఈ మ్యాచ్ నేను చూడలేదు, కానీ రాసినదాన్ని బట్టి రెఫరీ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనది.

2025 జులై నుంచి నియమం మారింది. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకి మించి ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్. ఇంతకుముందు ఆరు సెకన్లు, శిక్ష ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోల్‌లోకి తన్నడానికి లేనిది. బాక్స్ లోపల ఇన్‌డైరెక్ట్ ఇస్తే పదకొండు మందీ గోల్ గీత మీద గోడ కట్టడం, గందరగోళం, అందుకే ఏ రెఫరీ కూడా ఇచ్చేవాడు కాదు. ఆ నియమం పుస్తకంలోనే ఉండిపోయింది. కార్నర్ అయితే ఇవ్వడం తేలిక. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్క చూపిస్తాడు. మీ రెఫరీ చూపించాడా?

గోలీ_గ్లవ్స్
ఆదివారం, సాయంత్రం 4:40

చూపించాడు సార్. నాకు ఆ చెయ్యి ఎందుకో అర్థంకాలేదు, ముందుకు జరగండి అంటున్నాడనుకున్నా. అవతలి వాళ్ళకి మాత్రం తెలుసు, వాళ్ళు బిగ్గరగా ఐదు, నాలుగు అని లెక్కపెడుతున్నారు, వెటకారం అనుకున్నాం.

కుడికాలు_ఒక్కటే
ఆదివారం, సాయంత్రం 4:58

కాలనీ మ్యాచ్‌కి ఇంగ్లండ్ లీగ్ రూల్స్ ఏంటి సార్? మా గ్రౌండులో ఒక వైపు గోల్‌పోస్టుకి నెట్టే లేదు, రాయి పెట్టి ఆపిన ఫ్లాగు, గేదెలు వస్తే ఆట ఆపుతాం. అక్కడ ఎనిమిది సెకన్లు లెక్కపెట్టాలా? పైగా నేను కబుర్లు చెప్పలేదు, వాడు మా చిన్నమ్మ వాళ్ళ పక్కింటోడు, పెళ్ళికి పిలుస్తున్నాడు.

విజిల్_మాస్టర్
ఆదివారం, సాయంత్రం 5:20

అది ఇంగ్లండ్ రూలు కాదు, ఆట నియమాలు. నెట్ లేకపోయినా గోల్ గోలే కదా, ఇదీ అంతే. మ్యాచ్‌కి ముందు రెండు కెప్టెన్లూ కూర్చుని ఈ మ్యాచ్‌లో ఇది పట్టించుకోం అని ఒప్పుకుంటే అది మీ ఇష్టం. మ్యాచ్ అయ్యాక అంటే కుదరదు.

ఇంకో సంగతి. రెండో గోల్ ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తాడన్నారు. బంతి ఎక్కడి నుంచి వచ్చింది? త్రో నుంచా, అంటే పక్క గీత బయటి నుంచి చేత్తో విసిరిందా?

గోలీ_గ్లవ్స్
ఆదివారం, సాయంత్రం 5:26

త్రోనే. మా కుడివైపు, బాక్సుకి కొంచెం అవతల.

విజిల్_మాస్టర్
ఆదివారం, సాయంత్రం 5:41

అయితే అక్కడ ఆఫ్‌సైడ్ అన్నదే లేదు. త్రో నుంచి బంతి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ వర్తించదు. కార్నర్, గోల్ కిక్ కూడా అంతే. ఈ నియమం నిన్నా మొన్నటిది కాదు, మీరందరూ పుట్టకముందు నుంచీ ఉంది. నేను చేసే మ్యాచ్‌ల్లో ప్రతి సీజన్లో ఎవడో ఒకడు త్రోకి చెయ్యెత్తి నిలబడి గోల్ ఇస్తాడు, ఆ తర్వాత నా మీదకి వస్తాడు. అసలు ఆఫ్‌సైడే అయినా విజిల్ పడేదాకా పరిగెత్తాలి, చెయ్యెత్తడం లైన్స్‌మన్ పని.

ఉక్కునగరం_10
ఆదివారం, సాయంత్రం 6:02

ఏంటి, గోల్ కిక్‌కి కూడా ఆఫ్‌సైడ్ లేదా?? ఇన్నేళ్ళూ నేను గీత చూసుకుని నిలబడుతున్నా కదరా దేవుడా

లైన్_అవతల
ఆదివారం, రాత్రి 8:15

నమస్తే అందరికీ. పట్టాల అవతలి టీమ్ నాది. మా వాళ్ళు ఎవరో లింకు పంపితే చదివాను. గెలిచినవాళ్ళం కాబట్టి మర్యాదగా ఉంటాను 🙂

మీరు ఓడింది కార్నర్ దగ్గరా కాదు, త్రో దగ్గరా కాదు. రెండో సగం మొదలైనప్పుడు మీరు బిబ్స్ మార్చుకుంటుంటే మేం అటు చూస్తున్నాం. ముగ్గురు ఒకేసారి మారారు. బక్కపల్చటాయన, మధ్యలో అటూ ఇటూ పరిగెడుతూ మా కాళ్ళ మీద పడే ఆయన, ఆయన కూర్చున్నాడు. పొడుగాయన స్టాపర్‌గా వెనక్కి పోయాడు. మొదటి సగంలో మమ్మల్ని ఏడిపించింది ఆ ఇద్దరే. బంతి కాలికి తగిలేలోపు బక్కాయన వచ్చి పడతాడు, ఎత్తి తంతే పొడుగాయన తల పెడతాడు. ఒక్క నిమిషంలో ఇద్దరూ మా దారిలోంచి తప్పుకున్నారు. మా కెప్టెన్ అక్కడే అన్నాడు, ఇంక మనదే, మధ్యలో ఆడండి అని.

ఆ తర్వాత మీ నలుగురు మీ బాక్స్ గీత మీద, మీ ముగ్గురు సెంటర్ లైన్ దగ్గర, మధ్యలో క్రికెట్ ఆడుకోవచ్చు. మా ఎనిమిదో నంబరు కుర్రాడికి బంతి ఆపి, తలెత్తి, ఊపిరి పీల్చుకుని తన్నే టైమ్ దొరికింది. వాడికి అంత టైమ్ ఇస్తే ఎవడైనా పోతాడు.

లెక్కల_పిచ్చోడు
ఆదివారం, రాత్రి 8:33

ఇదీ నేను అడిగింది. మైండ్‌సెట్టట.

కుడికాలు_ఒక్కటే
ఆదివారం, రాత్రి 8:50

సరే, ముగ్గురిని మార్చాం, ఒప్పుకుంటా. కానీ మార్చక ఏం చేస్తాం? వచ్చింది పద్నాలుగు మంది అయితే పద్నాలుగు మందీ గ్రౌండు డబ్బులు కట్టారు, రెఫరీకి తలా ఇంత వేశారు. మనం రెండు సున్నాతో ముందున్నాం, ఇంకా ఆడనివ్వకపోతే వాళ్ళెందుకు పొద్దున్నే ఐదున్నరకి లేచి రావాలి? వెనకబడి ఉన్నప్పుడు మార్చలేం, సమానంగా ఉన్నప్పుడు మార్చలేం, ముందున్నప్పుడైనా మార్చకపోతే వచ్చే వారం ఎనిమిది మందే వస్తారు. ఈ సమస్య టీవీలో చూసే టీమ్‌లకి ఉండదు. డబ్బు కట్టినవాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టడం ఏ కోచింగ్ పుస్తకంలోనూ లేదు.

కోచ్_అక్క_అనంత
సోమవారం, ఉదయం 7:05

ఈ థ్రెడ్‌లో ఇదొక్కటే అసలైన ప్రశ్న, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతోంది. నేను అనంతపురంలో పిల్లలకి, ఆడపిల్లల టీమ్‌కి కూడా నేర్పిస్తాను. మా దగ్గరా ఇదే గొడవ, అక్కడ డబ్బులు కావు, ‘మా పాపని ఎందుకు ఆడించలేదు’ అని అమ్మలు వస్తారు.

అందరికీ ఆట దొరకాలి, అందులో రెండో మాట లేదు. కానీ ముందుకెళ్ళాక అందరికీ ఒకేసారి పంచుతామనడమే తప్పు. మామూలు ఆదివారం ఆటలకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావచ్చు, ఆట నియమాల్లోనే ఉంది, చిన్నపిల్లలకి, వెటరన్స్‌కి, ఇలాంటి కింది స్థాయి మ్యాచ్‌లకి సంఘం ఒప్పుకుంటే మార్చినవాణ్ణి మళ్ళీ దించొచ్చు. అది వాడుకోండి. స్కోరుతో సంబంధం లేకుండా పదో నిమిషానికి ఒకరు, ఇరవైకి ఒకరు, ముందే కాగితం మీద రాసుకోండి. అప్పుడు ఎవరూ ‘గెలుపు ఖాయమయ్యాక నన్ను దించారు’ అనుకోరు, మీ మధ్యలో పరిగెత్తే బక్కతమ్ముడికి పది నిమిషాలు విశ్రాంతి దొరికి చివర్లో మళ్ళీ దిగుతాడు. చివరి పది నిమిషాలు ఎవరు ఉండాలో మాత్రం కెప్టెన్ ఇష్టం. ఇది మా పిల్లలే పాటిస్తారు, పదమూడేళ్ళ వాళ్ళు.

ఇంకోటి, ఒకేసారి ముగ్గుర్ని మార్చినప్పుడు కొత్తగా వచ్చినవాడికి పక్కనున్నవాడు కూడా కొత్తే అయితే ఎవరికి ఎవరు చెప్పాలి? ఒక్కడు మారితే పక్కవాడు అరిచి సరిచేస్తాడు.

బెంచి_మీదోడు
సోమవారం, ఉదయం 9:40

ఆ ముగ్గురిలో ఒకణ్ణి. అన్న రాసింది చదివితే మేమేదో దానం తీసుకున్నట్టుంది.

35 నిమిషాలు చెట్టుకింద కూర్చోబెట్టారు. దిగేటప్పుడు నాకు చెప్పింది ఒకటే మాట, ‘ఎంజాయ్ చెయ్ తమ్ముడూ, రెండు సున్నా ఉంది’. ఎక్కడ ఆడాలి అంటే ‘మధ్యలో ఎక్కడో ఒకచోట’. కార్నర్ వచ్చినప్పుడు నేను ఎవర్ని పట్టుకోవాలి అని రెండుసార్లు అరిచాను, ఒక్కడూ తల తిప్పలేదు, గోలీ మాత్రం రెఫరీతో గొడవలో ఉన్నాడు. గోల్ కొట్టినవాడు నా పక్కనుంచే వెళ్ళాడు, వాణ్ణి బక్కన్న చూసుకునేవాడట మొదటి సగంలో. అది నాకెలా తెలుస్తుంది? మొత్తానికి తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, నా పిడికెడు కొంచెం ఎక్కువ పోశారు.

గోలీ_గ్లవ్స్
సోమవారం, ఉదయం 9:52

నీ మాట కరెక్ట్ తమ్ముడూ. గ్రూపులో నిన్ను అన్నవాళ్ళకి నేను చెప్తా.

పాత_హాఫ్‌బ్యాక్
సోమవారం, మధ్యాహ్నం 3:30

పిల్లలూ, చదువుతుంటే ఊరుకోలేకపోయాను. నాకు అరవై ఎనిమిది. మా నాన్న ఫతే మైదాన్‌లో, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మనిషి, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు మా ఇంట్లో దేవుడి పేరుతో సమానం.

మీరు లీడ్ పోగొట్టుకోవడం గురించి మాట్లాడుతున్నారు కదా, మన దేశం పోగొట్టుకున్న వాటన్నిటిలో పెద్దది చెప్తాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్. రహీం సాబే కోచ్. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఇలా మన ఊరివాళ్ళు ఎంతమందో. ఆ రోజుల్లో ఒలింపిక్స్ అంటే అమెచ్యూర్లే, మనవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్ళు. ఎదురుగా యుగోస్లావియా. కొత్తవాళ్ళేం కాదు, నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో మనల్ని పది ఒకటితో చితకబాదినవాళ్ళే.

సగం దాకా సున్నా సున్నా. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోల్ కొట్టాడు. ముందు ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టినవాడు. ఒలింపిక్స్ ఫైనల్‌కి ఒక్క అడుగు దూరం, ఆలోచించండి! 54లో పాపెచ్ సమం చేశాడు. 57లో వెసెలినోవిచ్. 65లో మళ్ళీ పాపెచ్. 78లో మనవాడి కాలి నుంచే మన గోల్‌లోకి. నాలుగు ఒకటి. ముందున్నది రెండు నిమిషాలు.

ఇప్పుడు చెప్పండి, అప్పుడు సబ్‌లు, అదే మధ్యలో మార్చి దించే ఆటగాళ్ళు, ఎక్కడివి? ప్రపంచకప్పులోనే సబ్‌లని ఒప్పుకున్నది 1970లో. మారినవాడు లేడు, చెట్టుకింద కూర్చున్నవాడు లేడు, అయినా పోయింది. కాబట్టి అంతా సబ్‌ల మీద పెట్టకండి. గోల్ కొట్టిన వెంటనే ఉండే ఆ రెండు మూడు నిమిషాలు వేరే ఆట. మనం ఇంకా కౌగిలించుకుంటూ ఉంటాం, అవతలివాడు బంతి తీసుకెళ్ళి సెంటర్‌లో పెట్టేసి ఉంటాడు.

లెక్కల_పిచ్చోడు
సోమవారం, సాయంత్రం 4:11

సార్, మీ మీద గౌరవంతోనే ఒక మాట. యుగోస్లావియా ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో 1952లో రజతం, 56లో రజతం, 60లో స్వర్ణం. ఆ జట్టు చేతిలో నాలుగు ఒకటితో ఓడటాన్ని ‘లీడ్ జారవిడవడం’ అనొచ్చా? కాసేపు ముందుండటమే గొప్ప. గోల్ కొట్టాక నిద్రపోవడం వల్ల కాదు, బలం తేడా వల్ల. మీరన్న దానికి సరిపోయేది నిజానికి 1960 రోమ్. ఫ్రాన్స్ మీద 71లో పీకే బెనర్జీ గోల్, 82లో వాళ్ళు సమం చేశారు, ఒకటి ఒకటి. అది చేతిలో ఉన్న మ్యాచ్.

పాత_హాఫ్‌బ్యాక్
సోమవారం, సాయంత్రం 5:02

బలం తేడా ఉంటే గోల్ కొట్టిన తర్వాత నిద్రపోవచ్చా నాయనా? బలం తక్కువున్నవాడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రోమ్ సంగతి నువ్వన్నది నిజం. ఆ గోల్ గురించి మా నాన్న చనిపోయేదాకా తిడుతూనే ఉన్నాడు, ఎవర్ని తిట్టాడో మాకు తెలిసేది కాదు.

రహీం సాబ్ ఎలా నిలబెట్టుకున్నాడో కూడా చెప్పి ఊరుకుంటాను. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో రెండు సున్నాతో ఓడాం. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే. స్టేడియం నిండా మనల్ని గేలిచేసే జనం. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడి ఉంటే, వెనకాల గుద్దులాటలో పెట్టడం ఎందుకని సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. పీకే 17లో, జర్నైల్ 20లో కొట్టారు. మీలాగే రెండు సున్నా, ఇంకా డెబ్బై నిమిషాల ఆట ఉంది. కొరియా ఒక్కటి కొట్టగలిగింది 85లో. రెండు ఒకటి, స్వర్ణం. గమనించండి, రెండు గోల్స్ కొట్టాం కదా అని స్టాపర్‌ని మళ్ళీ వెనక్కి లాక్కుని గోడ కట్టలేదు. అవతలి డిఫెండర్లకి ముందు ఒక భయం అలాగే ఉండాలి. సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు.

లైన్_అవతల
సోమవారం, సాయంత్రం 5:30

సార్ చెప్పిన ఆఖరి ముక్కకి నా ఓటు. పొడుగాయన ముందుంటే మా స్టాపర్లిద్దరూ సెంటర్ లైన్ దాటరు. ఆయన వెనక్కి పోగానే ఒకడు ఎగిరిపోయి ముందుకొచ్చాడు. మూడో గోల్‌కి ఆ పొడుగు బంతి తన్నింది వాడే.

యార్క్‌షైర్_తెలుగోడు
సోమవారం, రాత్రి 11:48

ఇక్కడ లీడ్స్ దగ్గర ఆదివారం లీగ్ ఆడతాను, మాది వలస కార్మికులు, డాక్టర్లు, ఐటీ వాళ్ళు కలిసిన కిచిడీ టీమ్. చలి, బురద తప్ప మీ కథే. ఇక్కడ వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లీగే ఒప్పుకుంటుంది, కాబట్టి అక్క చెప్పిన కాగితం పద్ధతి మేం కూడా చేస్తాం. పనిచేస్తుంది, కానీ ఒక చిక్కుంది. తొమ్మిది మందే వచ్చిన రోజు కాగితం చింపి పారేయాల్సిందే. ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టొచ్చు కదా, ఒకసారి అలాగే మొదలుపెట్టి ముందుకెళ్ళాం, మిగతావాళ్ళు ఒక్కొక్కరే కారు దిగుతూ వచ్చి చేరారు. అందరూ వచ్చాక ఓడాం 😂

నా వైపు నుంచి ఒక్క సలహా. లీడ్ ఉన్నప్పుడు టైమ్ గడపాలంటే గోలీ చేతిలో కాదు, వాళ్ళ కార్నర్ ఫ్లాగ్ దగ్గర గడపండి. అక్కడ త్రో పోయినా పర్లేదు, కార్నర్ వచ్చినా పర్లేదు, బంతి మీ గోల్‌కి వంద గజాల దూరంలో ఉంటుంది. కుడికాలు బ్రదర్ వింగర్ కదా, అది నీ పని.

కుడికాలు_ఒక్కటే
మంగళవారం, ఉదయం 6:50

రాయితో ఆపిన ఫ్లాగు దగ్గర అన్నా? సరే.

అందరూ చెప్పింది చదివాను. పొడుగన్నతో నిన్న రాత్రి మాట్లాడా. వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదట, మోకాలు నొప్పిగా ఉందని తనే వెళ్ళాడట, అది ఎవరికీ చెప్పలేదు. నలభై నాలుగేళ్ళ మనిషి, రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. అతన్ని ముందే పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి ఉంటే చివర్లో ముందుండేవాడేమో. అక్క చెప్పిన కాగితం ఈసారి రాద్దాం. కానీ మైండ్‌సెట్ అనేది లేనేలేదంటే నేను ఒప్పుకోను. రెండు రెండు అయ్యాక డ్రా చాలు అని ఒక్కడైనా అన్నాడా? పదిమందిమీ గెలుపు కోసం ఎగబడ్డాం, ఎందుకంటే ఎదురుగా ఉన్నది వీళ్ళు. వేరే టీమ్ అయితే వెనక ముగ్గురు ఉండేవాళ్ళు.

లెక్కల_పిచ్చోడు
మంగళవారం, ఉదయం 7:20

దీనికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు, నువ్వన్నది నిజమే అయ్యుండొచ్చు. పక్కింటోడితో డ్రా ఎవడికి కావాలి.

ఉక్కునగరం_10
మంగళవారం, ఉదయం 8:02

ఇంతకీ ఆ పక్కింటోడి పెళ్ళికి వెళ్తున్నారా

లైన్_అవతల
మంగళవారం, ఉదయం 8:30

పెళ్ళి వచ్చే నెల, రెండు టీమ్‌లూ రావాలి. దానికంటే ముందు, పై ఆదివారం గ్రౌండ్ మాట్లాడటం మీ వంతు, గుర్తుందా? ఏడింటికే కావాలి, తొమ్మిదికి క్రికెట్ వాళ్ళు వచ్చి పిచ్ మీద నీళ్ళు కొడతారు. సున్నం మేం పోయినసారి రెండు బస్తాలు తెచ్చాం, డబ్బు ఇంకా ఇవ్వలేదు మీరు.

గోలీ_గ్లవ్స్
మంగళవారం, ఉదయం 8:44

ఒకటిన్నర బస్తా. మిగతా సగం మీ కెప్టెన్ స్కూటీ మీద తిరిగి ఇంటికి పోవడం నేను చూశాను.